గూడ్స్ షెడ్డు చీపురు

లస్మవ్వ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగరు కూడా. స్టేషన్ మాస్టరు రిటైరైతే దండలు వేస్తారు, కుర్చీలు వేసుకుని ఫొటో దిగుతారు. గూడ్స్ షెడ్డులో పద్దెనిమిదేళ్ళు చీపురు పట్టిన మనిషికి ఎవరేం చేస్తారు? అందుకే నేను రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది ముందే చెబితే మీరు నన్ను తిట్టుకుంటూ చదువుతారు. కాస్త ఓపిక పట్టండి, ఎలాగూ తిడతారు.

మా స్టేషన్ పేరు చెప్పను. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైనులో, గోదావరి దాటాక, ఆసిఫాబాద్ రోడ్డు రాకముందు ఉంటుంది. అంతవరకు చాలు. ఒక పక్క బొగ్గుబాయి క్వార్టర్లు, ఇంకో పక్క అడవి, మధ్యలో పొడుగాటి రేకుల షెడ్డు. యాభై తొమ్మిదిలో నేను అందులో గుమాస్తాగా చేరాను. తాత్కాలికం అన్నారు. తొమ్మిదేళ్ళు ఆ తాత్కాలికంలోనే ఉన్నాను. ఎప్పుడు పొమ్మంటారో తెలియదు, పొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియదు. మా అవ్వ వేములవాడ రాజన్నకు మొక్కని మొక్కు లేదు. రాజన్నకు రైల్వేలో పలుకుబడి లేనట్టుంది.

చేరిన మొదటి రోజే లస్మవ్వ నాకు బుద్ధి చెప్పింది. బియ్యం బండి, అంటే వ్యాగను, ఒకటి ఖాళీ అయింది. నేను కొత్త ఉత్సాహం కొద్దీ, తలుపు మూయండి, తలుపు మూయండి అని కేకలు పెడుతున్నాను. హమాలీల్లో ఒక్కడూ కదల్లేదు.

"ఏ కొత్త సారూ! జర ఆగు. నేనింక ఎక్కనే లే," అంది వెనక నుంచి ఒక గొంతు.

చూస్తే బక్కపలచని మనిషి. చీర మోకాళ్ళ పైకి చెక్కుకుని, ఒక చేత చీపురు, ఇంకో చేత చాట పట్టుకుని ఉంది. ఎవరి చెయ్యీ అందుకోకుండా బండిలోకి ఎక్కింది. మూలమూలా ఊడ్చి, రాలిన గింజలు చాటలోకెత్తి ఒళ్ళో పోసుకుంది. హమాలీల పెద్ద, ముకద్దం హనుమండ్లు, బండి గోడ మీద మూడుసార్లు చేత్తో కొట్టి, "అయిందా వదినె?" అని అరిచాడు. "అయింది," అని లోపలి నుంచి జవాబు వచ్చింది. ఆమె దిగాక గాని తలుపు పడలేదు. షెడ్డంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అది రైల్వే పుస్తకాల్లో ఎక్కడా లేని చట్టం. హమాలీలు కొక్కేలతో బస్తాలు లాగుతారు. బస్తా చినుగుతుంది, గింజ కారుతుంది. అలా బండిలోనూ షెడ్డులోనూ రాలిన గింజ చీపురు పట్టినామెది. ఆ చీపురు ఎవరికి పడితే వాళ్ళకు రాదు. పనిలో చచ్చిపోయిన హమాలీ భార్యకే వస్తుంది. లస్మవ్వ మొగుడు ఇస్తారి మీద యాభైలో పేర్చిన బియ్యం బస్తాల నిట్ట కూలింది. మూడు రోజులు బతికాడు. పదో దినం అయిపోయాక హనుమండ్లు వచ్చి ఆమె చేతిలో చీపురు పెట్టాడు. ఇచ్చేటప్పుడే ఒక మాట చెప్పాడు: వచ్చిన ప్రతి బండీ ఊడ్వాలె, ఒక్క బండి వదిలినా చీపురు వదిలినట్టే. అంతకు ముందు చీపురు సత్తవ్వది. సిమెంటు బండిలో తినేదేముందని ఒకసారి ఎక్కలేదు పాపం. అంతే, ముప్ఫై మంది హమాలీలు కూర్చుని, వదులుకున్నావు పో అన్నారు. చీపురు కోసం ఇంకో ముండమోసిన మనిషి ఎప్పుడూ కాచుకునే ఉంటుంది కదా, ఆ కాచుకున్న వాళ్ళ వైపు నుంచి చూస్తే అది న్యాయమే.

అందుకని లస్మవ్వ అన్నీ ఊడ్చింది. ఉప్పు బండ్లు, సిమెంటు బండ్లు, రేకుల బండ్లు, ఏమీ రాలని బండ్లు కూడా. జ్వరమొచ్చినా ఊడ్చింది. కూతురు దుర్గవ్వను కన్న వారానికే ఊడ్చిందట, నేను చూడలేదు, హనుమండ్లు చెప్పాడు. ఇస్తారి పోయేనాటికి ఆమె కడుపుతో ఉంది. ఆ పిల్లను పెంచింది, బెల్లంపల్లిలో బొగ్గు నింపే పిల్లగాడికి ఇచ్చి పెళ్ళి చేసింది, అంతా నేల మీద రాలిన గింజలతోనే.

ఒకసారి నేను వెక్కిరింపుగా, "ఏమున్నది లస్మవ్వా గీ ఊడ్సుట్ల? ఎక్కడన్న పాచిపని చేస్కోరాదు?" అన్నాను.

కళ్ళెర్రజేసింది. "నీకేమెరుక సారూ? పదేండ్ల పిల్లప్పటి సంది గడీల వెట్టి ఊడ్సిన. వాకిలి ఊడ్సిన, కొట్టం ఊడ్సిన, వడ్లు దంచినంక గా తాన ఊడ్సిన. ఒక్క గింజ నోట్లేసుకుంటే దొరసాని దవడ మీద గొట్టేది. గాడ ఊడిస్తే చీపురు గూడ నాది గాదు. గీడ ఊడిస్తే ఊడ్సింది నాది. ఎవడు ముట్టుతడో ముట్టమను!"

ఆ గడీ, కోటలాంటి దొరల ఇల్లు, మా షెడ్డుకు సరుకు తెప్పించుకునే వ్యాపారి ఉపేందర్‌రావు తండ్రిది. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగినప్పుడు దొరలు కొన్నాళ్ళు హైదరాబాదు చేరుకున్నారు. ఊళ్ళో పట్టు సడలిన ఆ నాలుగు నెలల్లో ఇస్తారి, లస్మవ్వ మూట నెత్తిన పెట్టుకుని రైలుపట్టాల వెంట నడిచి మా షెడ్డుకు వచ్చారు. మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. ఉపేందర్‌రావు మాత్రం తర్వాత ఊరు వదిలి మా స్టేషన్ బజారులోనే పెద్ద గోదాము కట్టాడు. సబ్బులు, చాయపత్తి, చక్కెర, పప్పు, బొగ్గుబాయి క్వార్టర్లన్నిటికీ ఆయనే పంపేవాడు. కుర్రతనంలోనే దొరతనం పోయింది గనుక వ్యాపారం బాగా నేర్చుకున్నాడు. నవ్వుతూ మాట్లాడతాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద కోపం తక్కువ.

లస్మవ్వకు చదువు రాదు గాని దేశాలు తెలుసు. పిడికిట్లో నాలుగు గింజలు పట్టుకుని, "గిది బర్మా బియ్యం సారూ, బంకబంక అయితది," అనేది. అరవై అయిదు, ఆరులో కరువొచ్చి అమెరికా గోధుమలు దిగినప్పుడు మొహం చిట్లించి, "గీ ఎర్రగోధుమలకు రొట్టె సాగది, వాళ్ళెట్ల తింటరో," అని అమెరికానంతా తీసిపారేసింది. ఒకరోజు నన్ను అడిగింది, "సారూ, గీ గోధుమలు అమెరికా సంది గీడికొచ్చేదాంక ఎంతమంది మోస్తరు?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. అక్కడ కొట్టులో, రైల్లో, రేవులో, ఓడలో. ఇక్కడ బొంబాయిలో ఓడ నుంచి దించేవాళ్ళు, రైలుకెక్కించేవాళ్ళు, మళ్ళీ మన షెడ్డులో. "ఏడెనిమిది సార్లు దించి ఎక్కిస్తరు," అన్నాను.

"అయితే ఏడెనిమిది జాగల ఊడ్సేటోళ్ళు ఉంటరు," అంది సంబరంగా. "అందరికి ఇంత రాలుతది. మంచిదే." ఆ రోజంతా హుషారుగా ఉంది. సముద్రం అవతల తన పని చేసే మనిషి ఒకామె ఉందని ఆమెకు తట్టినట్టుంది.

అరవై ఎనిమిది మే నెలలో ఇనుప డబ్బా వచ్చింది. బండి మీద బండి పెట్టినట్టు, చక్రాల పలక మీద ఒక పెద్ద ఇనుప గది. కిటికీ లేదు, సందు లేదు, ఒక పక్క తలుపు, దానికి అడ్డంగా ఇనుప గడియ, గడియకు సీసం సీలు. కాయితాల్లో కంటైనర్ అని రాసి ఉంది. ప్రయోగం కింద పంపారు. హమాలీలు చుట్టూ తిరిగి చూశారు. హనుమండ్లు అలవాటు కొద్దీ కొక్కెం తీశాడు, ఎక్కడ గుచ్చాలో తెలియక మళ్ళీ నడుముకు పెట్టుకున్నాడు.

ఉపేందర్‌రావు జీపులో వచ్చాడు. పండగ చూపిస్తున్నట్టు అందరికీ చూపించాడు. "చూసిండ్రా! బొంబాయిల ఫ్యాక్టరీ కాడ తలుపు పెట్టి సీలేసిండ్రు, గీడ నా ముందట తెరుస్తున్నరు. నడుమ ఒక్క చెయ్యి తగలలే. అమెరికాల ఓడలకు ఓడలే గిట్ల డబ్బాలతోని నింపుతున్నరట. వారం దినాలు నిండే ఓడ ఒక్క దినంల నిండుతదట. వంద మంది మోసేది ఒక్క క్రేను లేపి పెడుతదట. ఇగ చినుగుడు లేదు, కారుడు లేదు, దొంగతనం లేదు. ఖర్చు సగానికి సగం తగ్గుతది."

"మరి మేము?" అన్నాడు హనుమండ్లు.

"మీకేం ఫికర్? బియ్యం బస్తాలు రానేవస్తయి గద."

"రేపు బియ్యం గూడ డబ్బాలొస్తే?"

ఉపేందర్‌రావు నవ్వి నా వైపు తిరిగాడు. చక్కెర, పప్పు వచ్చే నెల నుంచి డబ్బాల్లోనే తెప్పిస్తానని నాతో అన్నాడు. ఆ రెండూ పోతే లస్మవ్వ చాటలో సగం పోయినట్టే. ఆమె అప్పటికే చీపురు పట్టుకుని ముందుకు వచ్చింది.

"దొరా, మాల్ దిగినంక డబ్బా ఊడ్వాలె గద?"

"ఊడ్వనీకి ఏమున్నదే అండ్ల? సబ్బులు, అట్టపెట్టెలు. ఒక్క గింజ ఉండది."

"ఉన్నా లేకున్నా ఊడ్వాలె. షెడ్డుకొచ్చిన ఏ బండైనా ఊడ్వాలె. గది కట్టుబాటు."

"గిది రైల్వే బండి గాదు లస్మీ, కంపెనీ డబ్బా. నీ కట్టుబాటు దీంట్ల చెల్లది. పో, పక్కకు జరుగు."

స్టేషన్ మాస్టరునే ఒరేయ్ అన్నంత పనిచేసే మనిషి, మాట్లాడకుండా పక్కకు జరిగింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నాకు అనుమానాలు ఎప్పుడూ అవసరం తీరాకే వస్తాయి.

హమాలీల అవసరమే పడలేదు. గోదాము మనుషులు నలుగురు చక్రాల బండ్లు తెచ్చి, అట్టపెట్టెలు పేర్చుకుని, గంట తిరక్కుండా డబ్బా ఖాళీ చేశారు. హమాలీలు దూరంగా షెడ్డు రెండో కొసన కూర్చుని బీడీలు కాల్చారు. ఆ డబ్బా దిక్కు చూడటమే వాళ్ళకు ఇష్టం లేదు. ఉపేందర్‌రావు నా గదిలోకి వచ్చి ఖాళీ డబ్బా వాపసు పంపే కాయితం ముందు పెట్టాడు. అందులో ముద్రించిన వాక్యం ఒకటి ఉంది: డబ్బా లోపల స్వయంగా చూచి, ఖాళీ అని నిర్ధారించుకొని, నా ఎదుట సీలు వేయించితిని. కింద గుమాస్తా సంతకం.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఖాళీ డబ్బాలో చూసేదేముంది? నేను లేవకుండానే సంతకం చేశాను.

నేను సంతకం చేస్తున్న ఆ కాస్త సమయంలోనే, గోదాము మనుషులు ఆఖరి బండి తోసుకుంటూ లారీ దగ్గరికి పోయారు. లస్మవ్వ డబ్బాలోకి ఎక్కింది. అందులో గింజ లేదని ఆమెకు తెలుసు. కానీ ఒక్క బండి వదిలితే చీపురు వదిలినట్టే. దొర చెల్లదన్నాడు గనుక ఇంకా తప్పకుండా ఊడ్వాలి. ఒక్కసారి ఊడ్చిందంటే రేపు ఎవడూ కాదనలేడు. ఆ మూల నుంచి ఊడ్వాలని లోపలి కొసకంటా పోయింది. తలుపు దగ్గర ఎవరో గోడ మీద కొట్టి, అయిందా అని అడుగుతారనే ధీమాతో పోయింది. ఇన్నేళ్ళలో అడగకుండా తలుపు పడింది లేదు మరి. గోదాము వాళ్ళకు ఈ సంగతి ఏం తెలుసు? వచ్చారు, లోపలి చీకట్లోకి తొంగి చూడకుండానే తలుపు నెట్టారు, గడియ వేశారు, సీలు నొక్కారు.

అప్పుడు పదకొండు దాటింది. పదకొండున్నరకు హనుమండ్లు నా గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, వదినె కనవడ్తలేదు. డబ్బాల ఏదో చప్పుడైతున్నది."

పరుగెత్తాను. డబ్బా మీద చెయ్యి పెట్టి చప్పున తీసేశాను, అంతగా కాలుతోంది. లోపలి నుంచి చీపురు కట్టతో కొడుతున్న చప్పుడు. తలుపు అంచుకు చెవి దగ్గరగా పెడితే సన్నగా గొంతు వినిపించింది.

"సారూ... తియ్యుండ్రి సారూ. గాలాడ్తలేదు. గోడలు ముట్టరాకుంట ఉన్నయి."

"తీస్తున్నం లస్మవ్వా! జర ఓపిక పట్టు!" అని అరిచాను.

హనుమండ్లు గడ్డపార తెచ్చాడు. సీలు మీద పెట్టబోతుంటే ఉపేందర్‌రావు జీపు దిగి పరుగున వచ్చాడు. "ఆగు! సీలు ముట్టకు! కంపెనీ సీలది. ఎందుకు తెగిందో సారు కాయితం లేకుంట సీలు తెగితే నా ఏజెన్సీ పోతది. ఇదే మొదటి డబ్బా."

"మనిషున్నది దొరా లోపట!"

"ఉన్నదని నాకేమెరుక? ఖాళీ అని సారు సంతకం పెట్టిండు. చూసి పెట్టిండు గద? చూసిండ్రా సారూ, లేదా?"

అందరూ నా వైపు చూశారు. చూడలేదంటే తొమ్మిదేళ్ళ తాత్కాలికం ఆ మధ్యాహ్నమే ముగిసిపోతుంది. చూశానంటే ఆ తర్వాత ఆమె దొంగచాటుగా ఎక్కినట్టు. నేను స్టేషన్ మాస్టరు దగ్గరికి మనిషిని పంపితే, గూడ్స్ సంగతి గుమాస్తాదే, నన్ను లాగొద్దు అని కబురు వచ్చింది.

హనుమండ్లు గడ్డపార మళ్ళీ ఎత్తాడు. అప్పుడు నేనన్న మాట చెప్పాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను. "హనుమండ్లూ, నువ్వు పలగ్గొడితే మీ ముప్ఫై మంది బిళ్ళలు పోతయి. ఆలోచించుకో," అన్నాను. హమాలీ చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ళ పోతే ఏ షెడ్డులోనూ పని దొరకదు. ఆ మాట నేను వాళ్ళ మంచి కోసం అనలేదు. సీలు నా కాయితం లేకుండా తెగకూడదని అన్నాను. హనుమండ్లు గడ్డపార దించాడు. నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా ఒంటి మీదే ఉంది. తర్వాత వాళ్ళు నీళ్ళ బకెట్లు తెచ్చి డబ్బా మీద పోయడం మొదలుపెట్టారు. నీళ్ళు ఇనుము మీద పడి చుయ్‌మని ఆవిరై పోతున్నాయి.

"రాయుండ్రి సారూ, జల్ది రాయుండ్రి," అన్నాడు ఉపేందర్‌రావు. "ఆమె మన కండ్లు గప్పి ఎక్కిందని రాయుండ్రి. మీకు మంచిది, నాకు మంచిది."

బస్తా మీద కాయితం పెట్టుకుని రాశాను. నేను లోపల చూసిన తర్వాత, సీలు వేసే లోపు, లస్మవ్వ అనే స్త్రీ అనుమతి లేకుండా రహస్యంగా ప్రవేశించినదని రాశాను. ఒక్క అక్షరం నిజం కాదు. దస్తూరి మాత్రం చక్కగా వచ్చింది.

"ఇంకొక్క లైను," అన్నాడు ఆయన. "రేపు మల్ల ఎక్కుతది. డబ్బాలు ఊడ్సే హక్కు తనకు లేదని, ఇగ అడగనని ఒప్పుకున్నట్టు రాయుండ్రి. వేలిముద్ర మల్ల పెట్టిద్దాం."

లోపల చప్పుడు తగ్గింది. ఇంతకు ముందు అరుపులు, తిట్లు వినిపించాయి. ఇప్పుడు ఉండి ఉండి ఒకే మాట. "సారూ." కొంచెం ఆగి మళ్ళీ, "సారూ." నన్నే పిలుస్తోంది. హనుమండ్లును కాదు, దొరను కాదు, నన్ను. చదువుకున్నవాణ్ణి, కాయితాల మనిషిని, నేనే ఏదో ఒకటి చేస్తానని ఆమె నమ్మకం. నేను ఆ లైను కూడా రాశాను. సంతకం చేసి చేతికిచ్చాక ఉపేందర్‌రావు మనిషి పట్టకారుతో సీలు కత్తిరించాడు. మొత్తం ముప్పావు గంట పట్టింది. పట్టకారుకు పట్టింది ఒక్క నిమిషం.

తలుపు తీసేసరికి లస్మవ్వ గడప దగ్గరే పడి ఉంది. ఒళ్ళంతా తడిసి ముద్దయింది, కళ్ళు తేలేసింది. ఎత్తుకొచ్చి షెడ్డులో గోనెల మీద పడుకోబెట్టారు. హనుమండ్లు మొహాన నీళ్ళు కొట్టి, నోట్లో చుక్కచుక్కగా పోశాడు. చాలాసేపటికి ఊపిరి కుదురుకుంది. కళ్ళు తెరిచి ఎవరెవరినో చూసి నా దగ్గర ఆగింది.

ఉపేందర్‌రావు నా చేతికి సిరా దిమ్మ అందించాడు. నేను ఆమె పక్కన కూర్చుని బొటనవేలు పట్టుకున్నాను. వేలు కాలుతోంది.

"ఏం రాసినవు సారూ?" అంది గొణుగుతున్నట్టు. "ఊడ్సిన్నని రాసినవా?"

ఆ మనిషి చావు అంచు దాకా పోయి వచ్చింది. వచ్చి అడిగిన మొదటి మాట అది.

"రాసిన లస్మవ్వా," అన్నాను. "డబ్బా ఊడ్సినవని రాసిన."

ఎండిపోయిన పెదాల మీద నవ్వు వచ్చింది. వేలు తనే గట్టిగా నొక్కింది.

హనుమండ్లుకు, మిగిలిన వాళ్ళకు అందులో ఏముందో తెలియదు. మీ మంచి కోసమే రాశానని చెప్పాను, నమ్మారు. నాలుగు రోజులకు లస్మవ్వ లేచి తిరగడం మొదలుపెట్టింది. ఇక ఆమె గొప్ప చెప్పతరం కాదు. క్వార్టర్లలో ఇంటింటికీ చెప్పింది. "నా హక్కు కాయితమెక్కింది. గీ షెడ్డుల ఎవ్వరికి లేదు. మా సారు రాసిండు, దొర ముందట్నే రాసిండు." బెల్లంపల్లి పోయి కూతురికి చెప్పి వచ్చింది. నాకు తునికి పండ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంకోసారి, "నువ్వు లేకుంటే నేను గా డబ్బాల్నే చచ్చిపోదును సారూ," అని చేతులు పట్టుకుంది. నాకు అన్నం సహించడం మానేసింది. చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. జూన్ రెండో వారంలో నా ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తర్వు వచ్చింది. కనీసం ఆ రోజు చెప్పాల్సింది. ఇక నన్ను ఎవరూ పీకలేరు కదా! చెప్పలేదు. పిరికితనం ఉద్యోగంతో వచ్చిందనుకున్నాను, కాదు, అది నా సొంతం.

రెండో డబ్బా జూన్ ఆఖర్లో వచ్చింది. ముసురు పట్టింది. ఈసారి అందులో చక్కెర. లస్మవ్వ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, కొత్త చీపురు పట్టుకుని, పొద్దున్నే వచ్చి నిలబడింది. డబ్బా ఖాళీ అయ్యాక గోదాము మనిషి తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"జరుగు," అంది. "కాయితమున్నది. దొరనడుగు."

ఉపేందర్‌రావు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. జేబులోంచి మడత పెట్టిన కాయితం తీశాడు. "ఉన్నది లస్మీ. నీ వేలిముద్రతోనే ఉన్నది."

"నువ్వు సదువకు దొరా. మా సారు సదువుతడు." వెనక్కి తిరిగి కేకేసింది. "సారూ! గిటు రా. అందరు ఇనేటట్టు సదువు."

హమాలీలంతా చేరారు. వాళ్ళ వెనక నర్మద కూడా నిలబడి ఉంది. నర్మద మొగుడు అంతయ్య కిందటి ఏడు షెడ్డులోనే పాము కరిచి పోయాడు. ఇద్దరు చంటిపిల్లలతో ఆమె చీపురు కోసం కాచుకుని ఉంది. నేను కాయితం అందుకున్నాను. నా దస్తూరే. ఒకవేళ అందులో లేనిది చదివితే? ఆ ఆలోచన వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ ఉపేందర్‌రావు పక్కనే ఉన్నాడు, ఆయనకు చదువు వచ్చు. ఉన్నదున్నట్టు చదివాను. రహస్యంగా ప్రవేశించినదని చదివాను. డబ్బాలు ఊడ్చే హక్కు తనకు లేదనిన్నీ, ఇకముందు అడగననిన్నీ ఒప్పుకుంటూ వేలిముద్ర వేసినదని చదివాను.

రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే. హనుమండ్లు మొహం నల్లబడిపోయింది. ఆయన లస్మవ్వ వైపు రెండడుగులు వేసి ఆగాడు.

"వదినె," అన్నాడు. "ఒక బండి వదిలినవని నీ వేలు పెట్టినవు. కట్టుబాటు నీకెరుకే. సత్తవ్వకు ఏం జేసినమో నీకూ గదే చెయ్యాలె. నేనేం జేద్దునే..." ముసలాడు అందరి ముందూ ఏడ్చాడు.

లస్మవ్వ వాదించలేదు. ఆ కట్టుబాటు మీదనే పద్దెనిమిదేళ్ళు బతికింది, ఇప్పుడు అది తప్పని ఎలా అంటుంది? చీపురు నర్మద చేతిలో పెట్టింది. నర్మద తల ఎత్తలేదు.

ఉపేందర్‌రావుకు కూడా జాలి కలిగినట్టుంది. "ఫికర్ చెయ్యకు లస్మీ. మా గోదాంల ఊడుద్దువు గాని. రెండు పూటలు బువ్వ పెట్టిస్త. ఎన్నడో మా ఇంట్ల ఊడ్సినదానివేనాయె," అన్నాడు మంచిగానే. జీపెక్కి డ్రైవరుతో నెమ్మదిగా పొమ్మన్నాడు.

ఆమె కదిలే ముందు నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఆశపడ్డాను. కోపం కూడా లేదు ఆ మొహంలో.

"గా పొద్దు తలుపు తీసింది నువ్వేననుకున్న సారూ," అంది. వానలో జీపు వెనక నడిచి పోయింది.